నలభయ్యో అక్షాంశం మీద ఆనపపాదు

ఆనపగింజ పెంకు మొండిది. మా పిన్ని దాని అంచుని నెయిల్‌కట్టర్‌తో రవ్వంత తుంచుతుంది. పెంకు విడవాలి, లోపలి పప్పుకి గాటు పడకూడదు. తుంచిన గింజల్ని రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడి పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ సంచిలో వేసి ఓవెన్‌లో పెడుతుంది. ఓవెన్ వెలిగించదు, లోపలి బల్బు మాత్రం వేసి ఉంచుతుంది. ఆ బల్బు వేడికే పెట్టెలో ఇరవై అయిదు, ముప్ఫై డిగ్రీల వెచ్చదనం నిలుస్తుంది. తలుపు మీద ‘గింజలున్నాయి, వెలిగించొద్దు’ అని తెలుగులో రాసి అంటిస్తుంది. మనవలకి తెలుగు చదవడం రాదు గనక కింద ఒక ఆనపకాయ బొమ్మ కూడా వేస్తుంది. నాలుగైదు రోజులకి తెల్లటి వేరుమొలక పొటమరిస్తుంది. అప్పటికి బయట, న్యూజెర్సీలో, ఏప్రిల్ మూడో వారం. రాత్రిళ్లు నేల ఇంకా చల్లగానే ఉంటుంది.

ఇంటి కూరగాయల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఎరువుతో మొదలుపెట్టి పురుగుతో ముగిస్తారు. పిన్ని పెరడు చూశాక నాకు తోచిందేమిటంటే, అసలు పనితనం మట్టిలో కంటే పంచాంగంలో ఎక్కువ ఉంది. ఎంత వెచ్చదనానికి మొలవాలి, ఎంత పగటికి పూయాలి, ఏ పొద్దుకి రేకు విప్పాలి అన్నది ప్రతి మొక్కా ముందే రాసి పెట్టుకుని ఉంటుంది. సముద్రాలు దాటించినా ఆ రాత మారదు. మారేదల్లా చుట్టూ ఉన్న కాలం. ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే తోటపని అనుకుంటే, మా పిన్ని గట్టి పనిమంతురాలు.

ఆమె పుట్టి పెరిగింది కోనసీమలో. అక్కడ ఆనపగింజకి ఓవెన్లూ బల్బులూ ఏమిటి? తొలకరి పడ్డాక పెంటకుప్ప పక్కన వేలితో గుచ్చితే చాలు, వారానికి రెండాకులు విప్పుకుని లేస్తుంది. కాబట్టి అక్కడి పనితనమంతా పందిరి మీదికి పోయింది. సర్వీ కర్రలు పాతి, పైన వెదుళ్లు పరిచి, కొబ్బరి తాడుతో బిగించేవాళ్లు. పొట్లపాదుకైతే పందిరి మనిషెత్తు దాటాలి, ఎందుకంటే కాయ సాగాలి. లేత పొట్లకాయ మెలిక తిరిగిపోకుండా చివర దారంతో చిన్న రాయి కట్టేవాళ్లు. రాయి బరువెక్కువైతే కాయ తెగిపోతుంది, తక్కువైతే వంకర పోతుంది. ఆ తూకం చేతికే తెలియాలి. పెంకుటిల్లు ఉన్నవాళ్లు పందిరి కూడా వేసేవాళ్లు కాదు, ఆనపతీగని చూరు మీదికి ఎక్కించి వదిలేసేవాళ్లు. కాయ కోయడానికి నిచ్చెన, దానికి కాపలాగా ఒక పిల్లాడు. ఆ పిల్లాణ్ణి నేనే.

న్యూజెర్సీలో పిన్ని ఇల్లు ఉన్నచోటు సుమారు నలభైన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఆఖరి మంచు ఏప్రిల్ నెలాఖరు దాకానో, ఒక్కోసారి మే మొదటి వారం దాకానో పడుతుంది. తొలి మంచు మళ్లీ అక్టోబరు మధ్యకి తయారు. ఈ రెంటి మధ్యా దొరికేది అయిదున్నర నెలలు. గింజ నాటి కాయ కోయడానికి ఆనపకి రెండు నెలలు దాటుతుంది, ఆ తర్వాత కనీసం రెండు నెలలైనా కాపు తినకపోతే పందిరి ఖర్చు కూడా రాదు. నేల వెచ్చబడే దాకా ఆగి అప్పుడు విత్తు వేస్తే సగం వేసవి మొలకకే పోతుంది. అందుకే ఓవెన్.

మొలకెత్తిన గింజని ఆమె కాగితపు కప్పులో వేస్తుంది. ప్లాస్టిక్ కప్పు ఎందుకు పనికిరాదని అడిగితే, “దీని వేరుని కదిపావంటే అలుగుతుందిరా, పదిహేను రోజులు మొహం మాడ్చుకుని కూచుంటుంది” అంది. నిజమే. ఆనప, బీర, పొట్ల, దోస, అన్నిటి వేరూ సుకుమారమే. వంగనారు, మిరపనారు పీకి పాతినట్టు వీటిని పీకి పాతలేం. కాగితపు కప్పు అడుగు చించి, కప్పుతో సహా గుంటలో దించేస్తే వేరుకి సంగతి తెలియదు.

దించే ముందు ఇంకో మెట్టు ఉంది. కిటికీ పక్క వెచ్చగా పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో, గాలిలో పెడితే ఆకు తెల్లబడి కాలిపోతుంది. మొదటి రోజు నీడలో గంటసేపు, మర్నాడు రెండు గంటలు, ఆ తర్వాత కాస్త పొద్దుటెండ, ఇలా వారం పదిరోజులు కప్పులన్నిటినీ ఒక పళ్లెంలో పెట్టుకుని బయటికీ లోపలికీ తిప్పుతుంది. పసిపిల్లకి ఉగ్గు అలవాటు చేసినట్టే ఉంటుంది ఆ వరస. అమెరికాలో మే నెల రెండో ఆదివారం మదర్స్ డే. ఆ చుట్టుపక్కల తోటలవాళ్లంతా లేత మొక్కలు బయట నాటడానికి ఆ రోజునే గుర్తుగా పెట్టుకుంటారు. పిన్ని దాన్ని కూడా పూర్తిగా నమ్మదు. సాయంత్రం మట్టిలో వేలు గుచ్చి చూస్తుంది. చల్లగా తగిలితే ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది. పదిహేను డిగ్రీల లోపు మట్టిలో ఆనపవేరు కదలదు, నాటినా నాటకపోయినా ఒకటే.

పందిరికి సర్వీ కర్రలు దొరకవు కనక పశువుల దొడ్లకి వాడే ఇనప జాలీ కొంటారు. పదహారడుగుల పొడుగుంటుంది. దాన్ని వంచి, రెండు పక్కలా ఇనప గూటాలకి కట్టేస్తే మనిషి కింద నడవగలిగే కమాను తయారు. చూడ్డానికి పెళ్లిపందిరి ముఖద్వారంలా ఉన్నా పనికి మాత్రం బలే ఉంది. కాయలు లోపలికి వేలాడతాయి, ఆకు పైన నిలుస్తుంది, కోత సులువు. చుట్టూ ఎత్తు కంచె తప్పదు. కోనసీమలో మేకలు చేసే పని అక్కడ జింకలు చేస్తాయి. చిక్కుడాకంటే వాటికి మరీ ప్రాణం.

ఇప్పుడు అసలు పనితనం దగ్గరికొద్దాం.

తీగ నాలుగైదడుగులు పాకి కమాను మొదలు అందుకోగానే పిన్ని దాని చివర గిల్లేస్తుంది. చూసేవాడికి ప్రాణం ఉసూరుమంటుంది, అంత కష్టపడి పెంచిన తీగ తల తుంచడం ఏమిటని. కారణం ఉంది. ఆనపలో మగపువ్వు, ఆడపువ్వు ఒకే తీగ మీద వేరువేరుగా పూస్తాయి. మొదటి తీగ మీద వచ్చేవి చాలామటుకు మగపువ్వులే. ఆడపువ్వులు ఎక్కువగా పక్కకొమ్మల మీద వస్తాయి. తల గిల్లితే పక్కకొమ్మలు లేస్తాయి. ఆ పక్కకొమ్మల్ని మళ్లీ గిల్లితే పుట్టే పిల్లకొమ్మల్లో ఆడపువ్వు ఇంకా ముందుగా పడుతుంది. కోనసీమలో నెలల తరబడి కాసే పాదుకి ఈ తొందర అక్కర్లేదు. తీగ తన తీరికలో తనే కొమ్మలు వేసుకుంటుంది. అయిదున్నర నెలల ఊళ్లో, గిల్లిన గోరు కాపుని ముందుకి లాక్కొస్తుంది.

పువ్వు విచ్చేది సాయంత్రం. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, కాకరపువ్వూ పొద్దుటిదే. బీరపువ్వు సందెవేళది. ఆనప తెల్లటి పలచని పువ్వుతో రాత్రిచర పురుగుల కోసం ఎదురుచూస్తుంది. మన వైపు రెక్కల పురుగులు, చీకటిపడ్డాక తిరిగే పెద్ద సీతాకోకల్లాంటివి, ఆ పని చేసిపెడతాయి. ఇళ్లూ పచ్చికబయళ్లే ఎక్కువగా ఉన్న పిన్ని వాళ్ల శివారు కాలనీలో అవి వస్తాయన్న భరోసా లేదు. కాబట్టి జూలై నెల రాత్రి ఎనిమిది దాటాక, అక్కడ పొద్దు అప్పుడే కుంగుతుంది గనక, పిన్ని సెల్‌ఫోన్ లైటు వేసుకుని కమాను కిందికి వెళుతుంది.

ముందు మగపువ్వు కోస్తుంది. సన్నటి పొడుగాటి కాడ మీద నిటారుగా నిలబడేది అదే. రేకులు ఒక్కొక్కటీ వలిచేస్తే మధ్యలో పుప్పొడి ముద్ద మిగులుతుంది. ఆడపువ్వుకి కాడ పొట్టి, రేకుల కింద బొటనవేలంత లేత పిందె, దాని ఒంటినిండా వెల్వెట్ లాంటి నూగు. ఆ పువ్వు మధ్యలో మూడు పాయల కీలాగ్రం ఉంటుంది. పుప్పొడి ముద్దని ఆ మూడు పాయలకీ ఒక్కొక్కదానికీ తాకిస్తుంది. రుద్దదు, అద్దుతుంది. మూడింటిలో ఒకటి వదిలేస్తే ఏమవుతుందని అడిగాను. “కాయ ఒక పక్కే బలుస్తుంది, రెండో పక్క సొట్ట” అంది. పుప్పొడి అందని వైపు లోపల గింజ కట్టదు, గింజ కట్టని వైపు కండ పెరగదు. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపువ్వులకి అద్దవచ్చు. అద్దిన ప్రతి పిందె కాడకీ ఎర్ర దారం వదులుగా ముడివేస్తుంది. పట్టిన పిందె రెండు మూడు రోజుల్లో తల వాల్చి సాగుతుంది. పట్టనిది కొస నుంచి పసుపు తిరిగి కుళ్లుతుంది. దారం ఉన్న పిందె కుళ్లితే తన చేయి తప్పని, దారం లేని పిందె నిలబడితే ఏదో పురుగు దయతలిచిందని లెక్క.

దారం కట్టిన రోజు నుంచి పన్నెండు పదిహేను రోజుల్లో కాయ కోతకొస్తుంది. నూగు ఇంకా ఉండాలి, గోరు గుచ్చితే దిగాలి. కోశాక తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి నాలిక మీద పెట్టుకుంటుంది. చేదు తగిలితే కాయ మొత్తం అవతల పారేస్తుంది. ఇది చాదస్తమేమీ కాదు. చేదు ఆనపకాయలో ఉండే విషపదార్థాల వల్ల మనుషులు ఆసుపత్రి పాలైన ఘటనలు మన దేశంలో ఉన్నాయి. చేదెక్కిన ఆనపరసం తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి కూడా హెచ్చరించింది.

పిన్నికి ఈ తీగ మీద ఉన్న మమకారం చూసి, అమెరికాకి ఆనపని తెచ్చింది మనవాళ్లేనని అనుకునేరు. ఆఫ్రికాలో పుట్టిన ఈ కాయ, 2014లో వెలువడిన ఒక డీఎన్ఏ అధ్యయనం ప్రకారం, అట్లాంటిక్ మీద తనంతట తాను తేలుతూ అమెరికా ఒడ్డుకి చేరింది. దాదాపు పదివేల ఏళ్ల కిందటే అక్కడ మనుషులు దాన్ని వాడుతున్న ఆనవాళ్లున్నాయి. వీసా లేకుండా వెళ్లి స్థిరపడ్డవాళ్లలో మొదటి వరస దీనిదే.

ఆనపతో వేడిని సర్దితే సరిపోతుంది. గోంగూర, చిక్కుడు దగ్గరికి వచ్చేసరికి చిక్కు వేరు. అక్కడ లెక్క పగటి పొడుగుది. కోనసీమలో ఏడాదిలో అతి పెద్ద పగలు పదమూడు గంటల పైచిలుకు, అతి చిన్నది పదకొండు గంటల పైచిలుకు. న్యూజెర్సీలో జూన్ నెల పగలు పదిహేను గంటలు దాటుతుంది, డిసెంబరులో తొమ్మిదింబావుకి కుంచించుకుపోతుంది. గోంగూర పూయాలంటే పగలు పన్నెండు, పన్నెండున్నర గంటలకి దిగాలి. మే నుంచి సెప్టెంబరు దాకా న్యూజెర్సీలో ఆ మాటే లేదు. కాబట్టి మొక్క పూత ఊసెత్తకుండా ఆకు మీద ఆకు వేస్తుంది. పిన్ని వారానికోసారి చిగుళ్లు తుంచుతుంది, తుంచిన చోట రెండు కొమ్మలు లేస్తాయి, ఆగస్టుకి మొక్క భుజమెత్తు. గుంటూరు గోంగూర అని ఎంత గొప్పలు పోయినా, ఆకు దిగుబడిలో ఈ పెరటిది తీసిపోదు.

ఇబ్బంది గింజ దగ్గర వస్తుంది. విశేషమేమిటంటే, పగలు తగ్గుతోందన్న కబురు రెండు ఊళ్లలోనూ దరిదాపుగా ఒకే రోజుల్లో, ఆగస్టు చివరికీ సెప్టెంబరు చివరికీ మధ్య, మొక్కకి అందుతుంది. తేడా ఆ తర్వాతి నెలల్లో ఉంది. కోనసీమ గోంగూరకి ఎదురుగా సంక్రాంతి దాకా మంచు ఎరగని రోజులున్నాయి. తీరిగ్గా పూసి, కాయలు ఎండి, గింజ రాలుస్తుంది. న్యూజెర్సీ గోంగూర మొగ్గ తొడిగి మూడు వారాలు కాకుండానే ఒక రాత్రి మంచు పడి తెల్లారేసరికి నల్లగా వాలిపోతుంది. గింజ ఎప్పటికీ పండదు. ఆనపకాయనైతే జూలైలో కాసినదాన్ని ఒకదాన్ని కోయకుండా ముదరనిస్తే అక్టోబరుకి విత్తనం చేతికొస్తుంది. గోంగూర విత్తనం మాత్రం ఏటా కొనాల్సిందే. ఇండియా నుంచి తేవాలంటే అనుమతి పత్రాల తతంగం ఉంది గనక అక్కడి విత్తన దుకాణాల్లోనే వెతుక్కుంటుంది.

చిక్కుడుదీ అదే బాధ, ఇంకా ఘోరంగా. ఆకు కోసం ఎవరూ చిక్కుడు వేయరు కదా. పాతరకం పందిరిచిక్కుడు వేసవంతా కంచె దాటి, గరాజు ఎక్కి, పొరుగువాళ్ల మేపుల్ చెట్టుకి చుట్టుకుని, సెప్టెంబరులో ఊదాపూలు పూసి, నాలుగు కాయలు కాసే లోపల చచ్చిపోతుంది. దీనికి మందు శాస్త్రజ్ఞులు ఎప్పుడో కనిపెట్టారు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ రకాలు పగటి పొడుగుని లెక్కచేయవు. పొట్టి మొక్కలు, పందిరి అక్కర్లేదు, ఎప్పుడు వేసినా పూస్తాయి. పిన్ని ఈ మాట విని పెదవి విరిచింది. “పందిరెక్కని చిక్కుడు చిక్కుడేంట్రా” అంది. ఈ ఒక్క విషయంలో ఆమె మాట నేను ఒప్పుకోను.

అమెరికా వ్యవసాయశాఖ శీతల మండలాల పటం ఒకటి వేసి పెట్టింది, 2023లో సరిదిద్దింది కూడా. ఏ ఊళ్లో చలికాలపు కనిష్ఠం సగటున ఎంతకి పడిపోతుందో పది ఫారెన్‌హీట్ డిగ్రీలకొక మండలంగా చెబుతుంది. ప్రవాస తోటల మాటల్లో ‘మాది ఏడో జోన్’, ‘మాది తొమ్మిది’ అని వినిపించేది దీన్ని గురించే. కానీ మేలో నాటి అక్టోబరులో పీకేసే ఆనపకి జనవరి చలితో ఏం పని? ఆ పటం ఆమె పెరట్లో ఒకే ఒక్క మొక్కకి వర్తిస్తుంది, కరివేపాకుకి. ఏడో జోన్ చలికి అది వేళ్లతో సహా పోతుంది. అందుకే అది చక్రాల పీట మీది కుండీలో ఉంటుంది. రాత్రి పదిడిగ్రీలకి దిగుతుందనగా, సెప్టెంబరు చివర్లో, దక్షిణం కిటికీ దగ్గరికి వచ్చేస్తుంది. ఫిబ్రవరికి ఆకు మొత్తం రాలి పుల్లలు మిగులుతాయి. కొత్తవాళ్లు ఆ పుల్లల్ని చూసి కంగారుపడి నీళ్లు పోసి వేరు కుళ్లబెడతారు. పిన్ని అప్పుడే నీళ్లు మానేస్తుంది, మార్చిలో కణుపు పచ్చబడ్డాకే మళ్లీ చెంబు తీస్తుంది.

ఇదే తీగని ఇంకో ఊరు తీసుకెళ్తే పంచాంగం మళ్లీ తిరగరాయాలి. డాలస్‌లో ఆఖరి మంచు మార్చి మధ్యలోనే వెళ్లిపోతుంది, ఓవెన్ బల్బు అక్కర్లేదు. అక్కడి శత్రువు జూలై. రాత్రి ఉష్ణోగ్రత ఇరవై నాలుగు దిగకపోతే టమాటా పువ్వు కాయ కట్టదు, రాలిపోతుంది. కాబట్టి టమాటాని మార్చిలో నాటి జూన్‌కి తినేసి, ఎండల్ని బెండకీ ఆనపకీ బచ్చలికీ అప్పజెబుతారు. పైగా డాలస్ నేల మనది లాంటి నల్లరేగడే, వేసవిలో నెర్రెలిచ్చి ఇళ్ల పునాదుల్ని సైతం బీటలు తీయిస్తుంది. కర్నూలు నుంచి వెళ్లినవాడికి ఆ మట్టి తీరు కొత్తగా నేర్పక్కర్లేదు. గల్ఫ్‌లో అయితే ఋతువులు తలకిందులు. అక్టోబరులో మొదలుపెట్టి ఏప్రిల్‌కి కట్టేస్తారు. చలికాలపు పొట్టి పగళ్లలో గోంగూర ఎదగకముందే మొగ్గకి తిరుగుతుంది, న్యూజెర్సీ కథకి సరిగ్గా ఎదురు. లండన్‌లో వేడి చాలదు. అక్కడి తూర్పు భాగంలో, స్పిటల్‌ఫీల్డ్స్ సిటీ ఫామ్‌లో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు ప్లాస్టిక్ గుడారం కింద ఆనపని కాయిస్తారు.

హైదరాబాదు మిద్దెల మీద ఈ పనితనం ఇంకో రూపు తీసుకుంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మీద తోట పెంచి, దాని గురించి రాసి, చెప్పి, ఎందరినో మిద్దె ఎక్కించారు. అక్కడ దాచుకోవలసినది వెచ్చదనం కాదు, నీడ. మే నెలలో సిమెంటు కప్పు పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా కాలుస్తుంది. తొట్లని ఇటుకల మీద ఎత్తి పెడతారు, నీరు కారి కప్పు చెమ్మగిల్లకుండా, వేరుకి సెగ తగలకుండా. పైన సగం ఎండని ఆపే ఆకుపచ్చ వల కడతారు. మట్టి మీద ఎండుటాకులు కప్పుతారు. ఆనపకి చిన్న కుండీ చాలదు, పెద్ద డ్రమ్ము సగానికి కోసి పెట్టాలి. దాని ఆకు వెడల్పు అంతా ఇంతా కాదు. మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి లేచి నిలబడితే నీళ్లకి లోటు లేదని అర్థం. పొద్దున్నే కూడా వాలి ఉంటేనే కంగారు.

పిన్ని కిందటి చలికాలం హైదరాబాదు వచ్చినప్పుడు మా ఎదురింటి మిద్దె చూడ్డానికి తీసుకెళ్లాను. ఆ ఇల్లాలు ఆనపపువ్వులకి పొద్దున్న పది గంటలకి బ్రష్షుతో పుప్పొడి అద్దుతోంది. పిన్ని కాసేపు చూసి ఊరుకోలేకపోయింది. “అమ్మాయ్, అది సాయంత్రపు పువ్వమ్మా. ఇప్పటికి వాడిపోయి ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి రా, బ్రష్షు అవతల పారేసి మగపువ్వునే పట్టుకురా” అంది. ఆవిడ నొచ్చుకోలేదు. ఎర్ర దారం సంగతి కూడా అడిగి తెలుసుకుంది, వారం తిరిగేసరికి ఆరు పిందెలకి దారాలు కట్టింది. అందులో నాలుగు నిలిచాయి.